దివాలా ఉత్తర్వు అమల్లో ఉండగా జీరో బ్యాలెన్స్ ఖాతా తెరవవచ్చా?

చీరలకొట్టు_గుంటూరు
మా కుటుంబానికి గుంటూరు జిల్లాలో చాలా ఏళ్లపాటు బట్టల దుకాణం ఉండేది. బ్యాంకు ఇచ్చిన క్యాష్ క్రెడిట్, బయట నోట్లు రాసి తెచ్చిన అప్పులు కలిసి మోయలేని బరువు కావడంతో దుకాణం మూసివేసి సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఐపీ (దివాలా పిటిషన్) దాఖలు చేశాను. నన్ను దివాలాదారుగా ప్రకటిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆస్తుల జాబితా, దివాలాదారుల ఆస్తుల బాధ్యత చూసే అధికారి అయిన అఫీషియల్ రిసీవర్ చేతిలో ఉంది. దివాలా స్థితి నుంచి విడుదల ఉత్తర్వు ఇంకా రావలసి ఉంది.

ఇప్పుడు ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే ఉద్యోగం దొరికింది. జీతం బ్యాంకు ఖాతాలోనే వేస్తామని యజమాని చెప్పారు. నాకున్న ఒక్క ఖాతా అప్పు ఇచ్చిన బ్యాంకులోనే ఉంది, అందులో ఏ సొమ్ము పడినా వెంటనే హోల్డ్ పెడుతున్నారు. అమ్మ మందుల కోసం మా మేనమామ పంపిన డబ్బు కూడా అలాగే ఆగిపోయింది.

మరో బ్యాంకుకు వెళ్లి జీరో బ్యాలెన్స్ ఖాతా అడిగాను. కౌంటరులోని ఉద్యోగి ఆధార్, ప్యాన్ తీసుకుని, కంప్యూటరులో ఏదో చూసి, కాగితాలను నా వైపు నెట్టి, "మీ సిబిల్ బాగాలేదు, పైగా ఐపీ పెట్టారట, మీకు ఖాతా ఇవ్వడం కుదరదు" అని వెనుక వరుసలో ఉన్న అందరికీ వినపడేలా చెప్పారు. అదే మాట రాసి ఇమ్మంటే ఇవ్వలేదు. ఐపీ పెట్టిన మనిషికి ఖాతా తెరిచే అర్హత నిజంగానే ఉండదా? మా ఆవిడ ఖాతాలో జీతం వేయించుకోమని కొందరు సలహా ఇస్తున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

మిరపయార్డు
ఐపీ సంగతి చెప్పకుండా వేరే ఊరి శాఖలో తెరవండి. వారు అడగరు, మీరు చెప్పనక్కరలేదు.

పాత_క్యాషియర్
పైన మిరపయార్డు గారు చెప్పిన దారి అవసరం లేదు. దాచిపెట్టవలసిన విషయమే ఇక్కడ లేదు.

నేను బ్యాంకులో పదవీ విరమణ చేసినవాడిని, అందుచేత కొంచెం వివరంగా రాస్తాను. పొదుపు ఖాతాలో మీరు డబ్బు వేసినప్పుడు బ్యాంకు మీకు బాకీ పడుతుంది తప్ప మీరు బ్యాంకుకు బాకీ పడరు. బాకీదారుడి స్థానంలో ఉన్న బ్యాంకు మీ పరపతిని పరీక్షించడంలో అర్థం లేదు. సిబిల్ స్కోరు అప్పు ఇచ్చే ముందు చూసే విషయం. పొదుపు ఖాతాకు ఇంత స్కోరు ఉండాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా పెట్టలేదు.

మీరు అడగవలసిన ఖాతాకు పూర్తి పేరు బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ ఖాతా. శాఖలో క్లుప్తంగా బీఎస్‌బీడీ అంటారు. 2012 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఇది అందరికీ అందుబాటులో ఉండవలసిన మామూలు సేవ, పేదలకు మాత్రమే అని కూడా లేదు. 2019 జూన్‌లో ఆ నిబంధనలను సవరించి మళ్లీ ఇచ్చారు. కనీస నిల్వ ఉండదు, ఎన్నిసార్లయినా జమ చేసుకోవచ్చు, నెలకు కనీసం 4 సార్లు డబ్బు తీసుకునే వీలు ఉంటుంది, ఏటీఎం కార్డు ఉచితంగా ఇవ్వాలి. ఓవర్‌డ్రాఫ్ట్ (నిల్వకు మించి తీసుకునే అప్పు సదుపాయం) అడగకండి, దానికి మాత్రం మీ పరపతి చూస్తారు.

రెండు షరతులు గుర్తుంచుకోండి. అదే బ్యాంకులో మీకు మరో పొదుపు ఖాతా ఉంటే ఇది తెరిచిన 30 రోజుల్లో దాన్ని మూసివేయాలి. వేరే ఏ బ్యాంకులోనూ ఇటువంటి బేసిక్ ఖాతా లేదని మీరు సంతకం చేసి ఇవ్వాలి. హోల్డ్‌లో ఉన్న పాత ఖాతా మామూలు పొదుపు ఖాతా అయితే అది ఈ రెండో షరతుకు అడ్డు కాదు.

ఆధార్ గానీ, పాస్‌పోర్టు గానీ, ఓటరు కార్డు గానీ, డ్రైవింగ్ లైసెన్సు గానీ, ఉపాధి హామీ జాబ్ కార్డు గానీ గుర్తింపుకు చెల్లుతుంది. దానికి ప్యాన్, ఫొటోలు జతచేయండి. కౌంటరు దగ్గర నోటిమాటగా అడగకుండా, తెల్లకాగితం మీద శాఖాధిపతి పేరిట దరఖాస్తు రాసి, రెండో ప్రతి మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. స్టాంపు పడిన కాగితం చేతిలో ఉన్న మనిషికి సమాధానం చెప్పే పద్ధతి వేరుగా ఉంటుంది. ఇది కౌంటరుకు అవతలి వైపు కూర్చుని చూసిన మాట.

కోర్టుమెట్లు
న్యాయవాద వృత్తిలో ఉన్నాను. క్యాషియర్ గారి మాటకు చట్టం వైపు నుంచి కొంత చేర్చాలి.

2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం ఇప్పటికీ కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి విషయంలోనే, 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన జిల్లా కోర్టుల్లో మామూలు మనుషులు దాఖలు చేసే ఐపీలన్నీ నేటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తున్నాయి. ఆ చట్టంలో దివాలాదారు బ్యాంకు ఖాతా తెరవకూడదన్న మాట లేదు.

అందులో ఉన్నది మరొకటి. 72వ సెక్షన్ ప్రకారం విడుదల ఉత్తర్వు రాని దివాలాదారు తన పరిస్థితి చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు లేదా అంతకు మించి అప్పు తీసుకుంటే అది నేరం. నిషేధం అప్పు మీదే, అదీ సంగతి చెప్పకుండా తీసుకున్నప్పుడు. ఓవర్‌డ్రాఫ్ట్ లేని ఖాతా ఈ సెక్షన్ పరిధిలోకి రాదు, కనుకనే మీకు బేసిక్ ఖాతా అన్నివిధాలా తగినది. క్రెడిట్ కార్డు, ఇప్పుడు కొని తరువాత చెల్లించే యాప్‌లు, దుకాణంలో ఖాతా మీద సరుకు తెచ్చుకోవడం వంటివాటికి మాత్రం దూరంగా ఉండండి.

మిరపయార్డు గారి సలహా ప్రమాదకరం. 28వ సెక్షన్ ప్రకారం ఉత్తర్వు వచ్చాక మీ ఆస్తి కోర్టుకు లేదా రిసీవరుకు సంక్రమిస్తుంది. విడుదలకు ముందు మీకు కొత్తగా దక్కేది కూడా అందులో చేరుతుంది. కొత్త ఖాతా వివరాలను మీరే ముందుగా రిసీవరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. రేపు విడుదల కోరినప్పుడు మీ నడవడికను కోర్టు చూస్తుంది. ఆ రోజు దాచిన ఖాతా ఒక్కటి బయటపడినా అప్పటిదాకా మీరు నిజాయితీగా చేసినదంతా అనుమానంలో పడుతుంది.

నిడదవోలు_పద్మ
అయితే జీతం మొత్తం రిసీవరు తీసుకుపోతారా? అలాగైతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? ఉద్యోగం చేసి ప్రయోజనం ఏమిటి?

కోర్టుమెట్లు
మంచి ప్రశ్న అడిగారు పద్మ గారూ. జప్తు చేయడానికి వీల్లేని ఆస్తి దివాలా ఆస్తిలో చేరదని అదే 28వ సెక్షన్ చెబుతుంది. ఏది జప్తు చేయకూడదో సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఉంది. మనోవర్తి డిక్రీలు తప్ప మిగతా డిక్రీల విషయంలో జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. ఉదాహరణకు జీతం 16,000 అయితే 1,000 పోగా మిగిలిన 15,000లో 10,000, వెరసి 11,000 రూపాయలకు రక్షణ ఉంటుంది. మిగతా 5,000 విషయంలో కూడా కుటుంబ ఖర్చులు చూపించి కోర్టును కోరవచ్చు.

ఇంకొక మాట. ఉత్తర్వు వచ్చిన తరువాత కోర్టు అనుమతి లేకుండా ఋణదాతలు విడివిడిగా వసూలుకు దిగకూడదు, తాకట్టు ఉన్న ఋణదాత తన తాకట్టు మీదకు వెళ్లడం వేరు విషయం. మేనమామ గారు పంపిన సొమ్ము ఉత్తర్వు తేదీ తరువాత పడి ఉంటే, పాస్‌బుక్‌లో ఆ పేజీ నకలు జతచేసి, బ్యాంకు తనంతట తాను దాన్ని ఆపిందని రిసీవరుకు ఒక అర్జీ పెట్టండి. అందరు ఋణదాతలకూ దామాషా ప్రకారం చెందవలసిన చోట ఒక్కరు ముందుగా చేయి చాపడానికి ఈ చట్టం ఒప్పుకోదు.

అప్పిచ్చినవాడిని
ఇంతమంది ఇన్ని సలహాలు ఇస్తున్నారు గనుక అవతలి పక్షం కూడా వినండి. అమ్మాయి పెళ్లికని దాచిన సొమ్మును నమ్మకం మీద ఒక వ్యాపారికి ఇచ్చాను. ఆయన ఐపీ పెట్టారు. కోర్టు నోటీసు వచ్చిన రోజున మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. ఆస్తులన్నీ ముందే బంధువుల పేరిట మార్చి, ఖాళీ చేతులు చూపించి ఐపీ పెట్టేవాళ్లు మన ప్రాంతంలో ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. వాళ్లకు ఖాతాలు, రక్షణలు అన్నీ ఉన్నాయి. మాకేముంది?

నిడదవోలు_పద్మ
మీ బాధ న్యాయమైనదే అన్నయ్యా. కానీ ఈ చర్చ మొదలుపెట్టిన ఆయన దుకాణం పోయాక పనిలో చేరి, జీతం పదిమందికీ కనిపించే చోట పడాలని అడుగుతున్నారు. దాచుకునేవారు అడిగే ప్రశ్న ఇది కాదు.

కోర్టుమెట్లు
అప్పిచ్చినవాడిని గారికి: పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు తగిన ప్రతిఫలం లేకుండా చేసిన ఆస్తి బదిలీలను రద్దు చేయించడానికి 53వ సెక్షన్ ఉంది. పిటిషన్‌కు ముందు 3 నెలల్లో ఒక్క ఋణదాతకు మాత్రమే మేలు చేసే ఉద్దేశంతో జరిపిన చెల్లింపులను 54వ సెక్షన్ కింద కొట్టివేయించవచ్చు. రిసీవరు కదలకపోతే, కోర్టు అనుమతితో ఋణదాతే ఆ దరఖాస్తు వేసుకోవడానికి 54ఏ సెక్షన్ అవకాశం ఇస్తుంది. మీ న్యాయవాదిని ఈ మూడు సెక్షన్ల గురించి ప్రత్యేకంగా అడగండి. మీ విషయంలో గడువులు మించిపోకముందే అడగండి.

అప్పిచ్చినవాడిని
ఈ సెక్షన్ల సంగతి మాకెవరూ చెప్పలేదు, రేపే కనుక్కుంటాను. జీతం ఖాతాలో పడితే లెక్క ఉంటుందన్న మాట కూడా ఒప్పుకుంటున్నాను. అయితే ఆ ఖాతా స్టేట్‌మెంటును రిసీవరు దగ్గర ఎప్పటికప్పుడు దాఖలు చేయాలి. ఋణదాతలు చూడాలనుకున్నప్పుడు అది అక్కడ ఉండాలి.

చీరలకొట్టు_గుంటూరు
ఆ షరతుకు నేను పూర్తిగా సిద్ధంగా ఉన్నాను. నాకు అప్పు ఇచ్చినవారిలో మా వీధివారు, మా నాన్నగారి స్నేహితులు కూడా ఉన్నారు. వారికి ఎదురుపడినప్పుడు చూపించడానికి నాకు ఒక లెక్క కావాలి. మా ఆవిడ ఖాతా సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కోర్టుమెట్లు
వద్దు. మీ సంపాదనను మరొకరి ఖాతాకు మళ్లించడాన్ని దాచడంగానే చూస్తారు. ఆమె సొంత సొమ్ము కూడా వివాదంలోకి లాగబడుతుంది. ఆమె ఖాతాను ఆమెకే ఉంచండి.

గోదారిగట్టు
బ్యాంకును ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త ఎవరూ ప్రస్తావించలేదు. కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ వల్ల బ్యాంకుకు తన దగ్గరున్న ఖాతాదారుడి సొమ్ము మీద సాధారణ లీన్ హక్కు, అంటే బాకీ తీరేదాకా ఆపి ఉంచుకునే హక్కు ఉంటుంది. అందుకే అప్పు లేని బ్యాంకులో ఖాతా తెరవాలంటారు. అయితే బోర్డు మీద పేరు వేరుగా ఉన్నంత మాత్రాన బ్యాంకు వేరని అనుకోకూడదు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి. అదే రోజున సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. పాత ఆంధ్రా బ్యాంకులో బాకీ ఉన్న మనిషి నేడు యూనియన్ బ్యాంకులో ఖాతా తెరిస్తే, అప్పు, జమ రెండూ ఒకే గూటిలో ఉన్నట్లే.

పల్లెటూళ్లలో ఇది మరీ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ బ్యాంకులన్నీ 2025 మే 1 నుంచి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. తెలంగాణలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు అదే ఏడాది జనవరిలో తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. ఒకప్పుడు రెండు వేర్వేరు గ్రామీణ బ్యాంకుల్లో ఒకచోట పంట రుణం, మరోచోట పొదుపు ఉన్నవారు ఒకసారి తమ పాస్‌బుక్‌లు తీసి చూసుకోవాలి.

మిరపయార్డు
ఇది నాకు తెలియదు. మా తమ్ముడికి సరిగ్గా ఇదే పరిస్థితి ఉంది, ఈ రోజే చెబుతాను.

పోస్టుపెట్టె
అసలు అప్పులు ఇవ్వని బ్యాంకును ఎంచుకుంటే ఈ చిక్కే ఉండదు కదా. 2018 సెప్టెంబరులో మొదలైన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా ఏ తపాలా కార్యాలయంలోనైనా తెరవవచ్చు, జీరో బ్యాలెన్స్ ఖాతా కూడా ఉంది. పేమెంట్స్ బ్యాంకులకు రుణాలు ఇచ్చే అధికారం లేదు, కనుక వారికి మీరు పాత బాకీ ఉండే ప్రసక్తే రాదు. రోజు ముగిసేసరికి ఖాతాలో 2 లక్షల రూపాయలకు మించి ఉండకూడదన్న పరిమితి ఉంది, జీతానికి అది చాలా ఎక్కువే. మా ఊళ్లో పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి, అరుగు మీద కూర్చుని, వేలిముద్ర యంత్రం మీద ముసలివాళ్ల వేలు తుడిచి తుడిచి పెట్టించి డబ్బు ఇచ్చి వెళతాడు.

పాత_క్యాషియర్
పోస్టుపెట్టె గారి సూచన చక్కగా ఉంది. ఒక హెచ్చరిక మాత్రం చేర్చుతాను. కొన్ని చోట్ల పత్రాలు పూర్తిగా లేవని చెప్పి "చిన్న ఖాతా" తెరిచి పంపిస్తారు. అది వేరు. అందులో నిల్వ 50,000 దాటకూడదు, ఏడాదిలో జమలు లక్ష దాటకూడదు, నెలకు 10,000కు మించి తీయకూడదు. జీతం పడటం మొదలైన కొన్ని నెలలకే ఆ ఖాతా ఆగిపోతుంది. ఆధార్, ప్యాన్ రెండూ ఉన్నప్పుడు పూర్తి కేవైసీతోనే తెరవమని అడగాలి. జన్‌ధన్ ఖాతా తీసుకున్నా ఇదే జాగ్రత్త పాటించాలి.

కొలువులక్క
ఒక సంస్థలో జీతాల విభాగం చూస్తున్నాను. ఫలానా బ్యాంకులోనే ఖాతా ఉండాలని మేము అడిగేది మా సౌకర్యం కోసమే. ఉద్యోగి వేరే బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు, రద్దు చేసిన చెక్కు లేదా పాస్‌బుక్ మొదటి పేజీ నకలు ఇస్తే నెఫ్ట్ ద్వారా పంపడానికి ఏ అడ్డూ ఉండదు. కారణం కూడా చెప్పనక్కరలేదు, "నా జీతం ఈ ఖాతాకు పంపగలరు" అని ఒక ఉత్తరం చాలు. సిగ్గుపడి అడగకపోవడం వల్ల జీతం మొత్తం పాత బాకీ కింద పోగొట్టుకున్నవారిని చూశాను, నెల మధ్యలో ముందస్తు అడగడానికి వచ్చినప్పుడు గానీ మాకు ఆ సంగతి తెలియలేదు.

సికింద్రాబాద్_ఈఎంఐ
నాది ఐపీ కాదు, పర్సనల్ లోన్ ఓటీఎస్ (బాకీని బ్యాంకుతో తేల్చుకునే రాజీ). లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది, వాయిదాల్లో కట్టాలి. పాత ఖాతా నుంచి జీతాన్ని కొత్త ఖాతాకు మార్చుకుంటే సమస్య తీరుతుందని మిత్రులు అంటున్నారు. పాత ఖాతా మీద ఈఎంఐ కోసం ఇచ్చిన నాచ్ మ్యాండేట్ (వాయిదా సొమ్మును ఖాతా నుంచి నేరుగా తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి) ఇంకా ఉంది. దాన్ని అలా వదిలేస్తే ఏమవుతుంది?

కోర్టుమెట్లు
అలా వదిలేయకండి. ఖాతాలో డబ్బు లేక నాచ్ వెనక్కి పోతే చెక్కు బౌన్సుతో సమానం. 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు గానీ, సొమ్ముకు రెట్టింపు వరకు జరిమానా గానీ పడవచ్చు. రాజీ పత్రంలోనే "పాత మ్యాండేటును, పాత చెక్కులను ఉపసంహరించుకుంటున్నాము" అన్న వాక్యం రాయించుకోండి. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందుచేత సంతకం పెట్టేముందే ప్రతి వాక్యం చదవాలి.

పాత_క్యాషియర్
ఓటీఎస్ గురించి మరో విషయం. రిజర్వు బ్యాంకు 2023 జూన్ 8న ఇచ్చిన ఆదేశం ప్రకారం రాజీ సొమ్ము చెల్లింపు గడువు 3 నెలలు దాటితే దాన్ని పునర్వ్యవస్థీకరణగా లెక్కిస్తారు. రాజీ పడినవారికి, వ్యవసాయేతర రుణాల విషయంలో, అదే సంస్థ కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదు. ఇవన్నీ అప్పుకు సంబంధించిన ఆంక్షలు. ఖాతాకు వీటితో సంబంధం లేదు. ఎవరైనా శాఖలో ఈ 12 నెలల మాట చెప్పి ఖాతా నిరాకరిస్తే, ఆ ఆదేశం చూపించమని మర్యాదగా అడగండి.

పాలమూరు_పొలంగట్టు
మా దగ్గర పంట రుణం రెన్యూవల్ చేసుకోలేదని రైతు భరోసా సొమ్మును పాత బాకీలో జమ కట్టుకుంటామని శాఖలో అంటున్నారు. విత్తనాల సమయానికి చేతిలో పైసా లేకుండా పోతుంది. పెట్టుబడి సాయాన్ని బాకీకి మళ్లించవద్దని ప్రభుత్వ పెద్దలు బ్యాంకర్ల సమావేశాల్లో పలుమార్లు చెప్పినా, కౌంటరు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట వినిపించడం లేదు. కొత్త ఖాతా తెరిస్తే ఆ సొమ్ము దానంతట అదే కొత్తదానిలో పడుతుందా?

పోస్టుపెట్టె
దానంతట అదే పడదు. రైతు భరోసా కోసం మీ క్లస్టరు ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) గారికి కొత్త పాస్‌బుక్ నకలు ఇచ్చి ఖాతా నంబరు మార్పించుకోవాలి. పీఎం కిసాన్ వంటి ఆధార్ ఆధారిత చెల్లింపుల దారి వేరు. మీ ఆధార్ ఏ బ్యాంకుతో సీడ్ అయి (సాయం సొమ్ము కోసం ముడిపడి) ఉందో జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ పట్టికలో ఉంటుంది, ఒక ఆధార్‌కు అక్కడ ఒక్క బ్యాంకే ఉంటుంది. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో "ప్రభుత్వ సాయం ఈ ఖాతాకు రావాలి" అన్న చోట గుర్తు పెట్టి, పాత బ్యాంకు పేరు రాసి, సీడింగ్ మార్చమని అడగాలి. కేవైసీ కోసం ఆధార్ ఇవ్వడం, సాయం కోసం సీడ్ చేయడం రెండు వేర్వేరు పనులు. చాలామంది మొదటిది చేసి రెండోది అయిపోయిందనుకుంటారు, సొమ్ము మళ్లీ పాత ఖాతాలోనే పడుతుంది.

పాలమూరు_పొలంగట్టు
ఇంత వివరంగా మాకు ఎవరూ చెప్పలేదు. మా గ్రామంలో పదిమందికి ఇది చదివి వినిపిస్తాను.

చీరలకొట్టు_గుంటూరు
అందరికీ పని ఎంతవరకు వచ్చిందో తెలియజేస్తున్నాను. నన్ను వెనక్కి పంపిన శాఖకు మళ్లీ వెళ్లలేదు. అప్పుతో గానీ, విలీనంతో గానీ సంబంధం లేని ఒక ప్రభుత్వ రంగ బ్యాంకును చూసుకుని, క్యాషియర్ గారు చెప్పినట్లు దరఖాస్తు రాసి, స్టాంపు వేయించుకుని, మేనేజరు గారిని కలిశాను. ఐపీ ఉత్తర్వు నకలు నేనే బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని మొదటి నుంచి చివరి వరకు చదివి, "ఓవర్‌డ్రాఫ్ట్ అడుగుతున్నారా?" అని ఒక్క ప్రశ్న వేశారు. లేదని చెప్పాను. దరఖాస్తు మూలన ఏదో రాసి సంతకం పెట్టి లోపలికి పంపారు. పాస్‌బుక్ చేతికి వచ్చింది, రూపే కార్డు తపాలాలో వస్తుందన్నారు. ఖాతా నంబరును రిసీవరు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. మేనమామ సొమ్ము విషయంలో కోర్టుమెట్లు గారు చెప్పిన అర్జీ కూడా అదే రోజు దాఖలు చేశాను.

ఒక్క సందేహం మిగిలింది. ఈ ఖాతాతో ఫోన్‌లో యూపీఐ పెట్టుకుంటే, ప్రతి చెల్లింపునూ ఆ నాలుగు విత్‌డ్రాయల్స్‌లో లెక్కించి రుసుము వేస్తారా?

పాత_క్యాషియర్
గతంలో కొన్ని బ్యాంకులు అలా లెక్కించి రుసుము వేసిన మాట వాస్తవమే. 2020 ఆగస్టు 30న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు, రూపే డెబిట్ కార్డు, యూపీఐ చెల్లింపుల మీద ఆ ఏడాది జనవరి 1 నుంచి వసూలు చేసిన రుసుములు తిరిగి ఇవ్వాలని, ఇకమీదట వేయవద్దని బ్యాంకులకు ఆదేశం ఇచ్చింది. స్టేట్‌మెంటులో అటువంటి కోత కనిపిస్తే శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మొదట మిమ్మల్ని తిప్పి పంపిన శాఖ మీద కూడా, మీకు ఇష్టమైతే, ఇదే మార్గంలో ఫిర్యాదు ఇవ్వండి. మీ తరువాత అదే కౌంటరుకు వెళ్లేవారికి అది ఉపయోగపడుతుంది.

అప్పిచ్చినవాడిని
నా కేసులో 54ఏ దరఖాస్తుకు కాగితాలు సిద్ధం చేస్తున్నామని మా న్యాయవాది ఈ రోజు చెప్పారు. చీరలకొట్టు గారూ, మీరు రిసీవరుకు ఇచ్చిన ఖాతా వివరాల ఉత్తరంలో ఏమేమి రాశారో, వ్యక్తిగత వివరాలు తీసివేసి ఇక్కడ పెట్టగలరా? మా బాకీదారు కూడా అటువంటి ఉత్తరం ఇవ్వాలని కోర్టులో అడగాలనుకుంటున్నాను.

చీరలకొట్టు_గుంటూరు
తప్పకుండా పెడతాను. ఐపీ నంబరు, ఉత్తర్వు తేదీ, బ్యాంకు, శాఖ పేర్లు, ఖాతా నంబరు, ఖాతా రకం, జీతం ఇచ్చే సంస్థ పేరు, నెల జీతం, ఓవర్‌డ్రాఫ్ట్ సదుపాయం లేదన్న వాక్యం, ప్రతి మూడు నెలలకూ స్టేట్‌మెంటు దాఖలు చేస్తానన్న హామీ అందులో ఉన్నాయి. పూర్తి నమూనా ఈ రాత్రి టైపు చేసి పంపుతాను.